పేరు ఎక్కడో, మాట ఎక్కడో: సాక్సన్ల సంగతి మీకు తెలుసా?

జర్మనీలో మొత్తం 16 రాష్ట్రాలు. వాటిలో మూడింటి పేర్లలో సాక్సనీ ఉంది: దిగువ సాక్సనీ, సాక్సనీ-అన్‌హాల్ట్, ఇక ముందూ వెనకా ఏమీ తగిలించుకోని ఉత్త సాక్సనీ. డ్రెస్డెన్, లైప్‌జిగ్ నగరాలున్నది ఈ మూడోదాంట్లో. పేరు చూసి సాక్సన్ల పుట్టినిల్లు ఇదే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. చరిత్రలో సాక్సన్లుగా పేరుపడ్డవాళ్లు ఉండింది వాయవ్యాన, ఉత్తర సముద్రం వైపు. ఈ జాతి కథంతా ఇలాంటి తికమకే. పేరు ఒక దారి పట్టింది, భాష ఇంకో దారి పట్టింది.

బిరుదుతోపాటు ఊరేగిన పేరు

పేరు అంత దూరం ఎలా వెళ్లిందంటే, రాజకీయం. 1180లో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తికీ సాక్సనీ డ్యూక్ ‘సింహం’ హెన్రీకీ చెడింది. చక్రవర్తి ఆయన్ని గద్దె దించి రాజ్యాన్ని ముక్కలు చేశాడు. పడమటి భాగం కొలోన్ ఆర్చిబిషప్పుకు దక్కింది. ‘సాక్సనీ డ్యూక్’ బిరుదు మాత్రం తూర్పున ఎల్బా నది ఒడ్డున భూములున్న ఆస్కానియా వంశానికి వెళ్లింది. 1356లో ఆ వంశంలోని విట్టెన్‌బర్గ్ శాఖకు చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో ఒకరిగా హోదా ఖాయమైంది. 1422లో ఆ శాఖ నిర్వంశమైంది. మరుసటి ఏడాది ఆ బిరుదు మైసెన్ పాలకులైన వెట్టిన్ వంశం చేతికొచ్చింది. తమ పాత హోదా కంటే ఇది పెద్దది కాబట్టి, వాళ్లు తమ ఏలుబడిలోని నేలనంతా సాక్సనీ అనడం మొదలుపెట్టారు. ఇంటిపేరు దత్తతకు వెళ్లినట్టు పేరు నది ఎగువకు వెళ్లిపోయింది, జనం మాత్రం కదల్లేదు.

ఇప్పటి సాక్సనీ నేల మొదట స్లావులది. లైప్‌జిగ్, డ్రెస్డెన్, కెమ్‌నిట్స్ మూడూ స్లావు మూలం ఉన్న పేర్లే. అక్కడి స్లావుల వారసులైన సోర్బులు ఇవాళ్టికీ ఉన్నారు. బౌట్సెన్ వీధుల్లో బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి.

ఈ బిరుదు ఊరేగింపులో చివరి మజిలీ లండన్. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ సాక్స్-కోబర్గ్-గోథా వంశస్థుడు. ఆమె తర్వాత బ్రిటన్ రాజవంశానికి ఆ పేరే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ మీద కసి రగులుతుండగా, 1917లో దాన్ని తీసేసి విండ్సర్ అని పెట్టుకున్నారు. ఇంతకీ ఆ కోబర్గ్ 1920లో జనాభిప్రాయంతో బవేరియాలో కలిసింది, గోథా ఇప్పుడు థురింజియాలో ఉంది. ఆ రెండు ఊళ్లూ మూడు సాక్సనీలలో దేంట్లోనూ లేవు!

రాజు లేని జాతి

అసలు సాక్సన్ల సంగతికొద్దాం. వాళ్ల పేరు ‘సాక్స్’ అనే ఒంటి అంచు కత్తి మీద వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ కౌంటీ చిహ్నంలో ఎర్రటి నేపథ్యం మీద ఆ కత్తులు మూడు ఉంటాయి.

కత్తి కంటే వింత వాళ్ల పరిపాలన. 8వ శతాబ్దపు ఆంగ్ల చరిత్రకారుడు బీడ్ రాసినదాని ప్రకారం ఖండంలో ఉండిపోయిన సాక్సన్లకు రాజే లేడు. ప్రాంతానికో పెద్ద ఉండేవాడు. యుద్ధం ముంచుకొస్తే ఆ పెద్దల మధ్య చీట్లు వేసేవారు. ఎవరి పేరు వస్తే యుద్ధం ముగిసేదాకా వాడే నాయకుడు. ముగిశాక అందరూ మళ్లీ సమానమే.

వేజర్ నది దగ్గర మార్క్లో అనే చోట ఏటా సభ జరిగేదని మరో పాత జీవితచరిత్ర చెబుతుంది. ఒక్కో ప్రాంతం నుంచి 12 మంది కులీనులు, 12 మంది స్వతంత్రులు, 12 మంది సగం స్వేచ్ఛ మాత్రమే ఉన్న సేద్యగాళ్లు వచ్చేవారట. దొరతోపాటు దొర పొలం దున్నేవాడికీ సభలో చోటు! ఆ కాలపు యూరప్‌లో ఇలాంటిది అరుదు. ఈ వివరాలు రాసినవాళ్లు క్రైస్తవ సన్యాసులు, అంటే ఎదుటి పక్షంవాళ్లు. సాక్సన్లను పొగడాల్సిన అవసరం వాళ్లకు లేదు కాబట్టి నాకు నమ్మాలనే ఉంది.

మాంసం తింటే మరణశిక్ష

ఆ సభను ఎత్తేయించింది ఫ్రాంకుల రాజు షార్లమేన్. 772లో సాక్సన్లు కొలిచే ఇర్మిన్సుల్ అనే పవిత్ర స్తంభాన్ని కూల్చి యుద్ధం మొదలుపెట్టాడు. అది ఆగుతూ సాగుతూ 804 దాకా నడిచింది. 782లో వెర్డెన్ దగ్గర ఒక్కరోజులో 4,500 మంది తలలు నరికించాడని ఫ్రాంకుల ఆస్థాన చరిత్రే రాసుకుంది. అంకె మీద కొందరు చరిత్రకారులకు అనుమానం ఉంది, ఘోరం మీద మాత్రం లేదు.

తర్వాత వచ్చిన శాసనం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. బాప్తిస్మం తీసుకోకుండా దాక్కుంటే మరణం. శవాన్ని పాత పద్ధతిలో కాలిస్తే మరణం. ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో మతాన్ని ధిక్కరించి మాంసం తింటే మరణం. పైగా పంటలో పదో వంతు చర్చికి కట్టాలి. ఇంగ్లండ్ నుంచి వచ్చి రాజు కొలువులో ఉన్న పండితుడు ఆల్క్విన్‌కే ఇది మింగుడుపడలేదు. ఆ పన్ను మోపితే కొత్తగా కుదురుకుంటున్న నమ్మకం కాస్తా పోతుందని 796లో ఉత్తరాలు రాశాడు.

ఎదిరించిన నాయకుడు విడుకింద్ 785లో లొంగి బాప్తిస్మం తీసుకున్నాడు. మతం మారాక అతని నల్లగుర్రం తెల్లదైందని కథ. దిగువ సాక్సనీ రాష్ట్ర చిహ్నం మీద ఇవాళ ఉన్నది తెల్లగుర్రమే.

పాత సాక్సన్ భాషలో మిగిలిన అతి పాత రాతల్లో ఒకటి కూడా ఈ కాలందే. అది పాటా కాదు, కథా కాదు. బాప్తిస్మం ముందు పలకాల్సిన ప్రమాణం. అందులో వదిలేయాల్సిన దేవుళ్లను పేరుపేరునా చెప్పించారు: థునార్, వోడెన్, సాక్స్‌నోట్. ఆ మూడోవాడు సాక్సన్ల సొంత దేవుడు. ఇంగ్లండ్‌లో మిగతా రాజవంశాలు మూలపురుషుడిగా వోడెన్‌ను చెప్పుకుంటే, ఎసెక్స్ రాజులు మాత్రం ఈ సాక్స్‌నోట్ పేరు చెప్పుకున్నారు.

గొర్రెల కాపరుల చోట గుర్రాల కాపరులు

కత్తితో సాధించలేనిదాన్ని కవిత్వంతో సాధించాలనుకున్నారు కాబోలు, 9వ శతాబ్దంలో ఎవరో పేరు తెలియని కవి క్రీస్తు కథను పాత సాక్సన్ భాషలో దాదాపు 6,000 పాదాల్లో చెప్పాడు. దాన్ని ‘హేలియాండ్’ అంటారు. మన యతిలాగే పాదంలోని ముఖ్యమైన మాటల మొదటి ధ్వని కలవాలన్నది దాని ఛందస్సు నియమం. అందులో క్రీస్తు వీరులకు దొర, శిష్యులు దొరను విడవని యోధులు. నజరేతు, బెత్లెహేము కోటలు. క్రీస్తు పుట్టిన రాత్రి మేలుకొని ఉన్నవాళ్లు గొర్రెల కాపరులు కారు, గుర్రాల కాపరులు! సాక్సన్ వీరులకు గొర్రెల కంటే గుర్రాలే మర్యాదగా తోచి ఉంటాయి. పేతురు కత్తి దూసి చెవి తెగనరికే ఘట్టాన్ని కవి మహా ఉత్సాహంగా వర్ణించాడు.

ఈ కావ్యం పుట ఒకటి 2006లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బయటపడింది. ఎప్పుడో ఎవరో దాన్ని పాత తోలుకాగితం కింద లెక్కగట్టి, వేరే పుస్తకానికి అట్టగా వేశారు.

వేల్స్‌వాళ్లు సాక్సన్లంటారు, మనం ఆంగ్లేయులంటాం

5వ శతాబ్దంలో సాక్సన్లలో కొందరు ఆంగ్లులు, జూట్లతో కలిసి సముద్రం దాటి బ్రిటన్ చేరారు. ఎసెక్స్, ససెక్స్, వెసెక్స్, మిడిల్‌సెక్స్: తూర్పు, దక్షిణ, పశ్చిమ, మధ్య సాక్సన్లు. వచ్చినవాళ్లలో పొరుగువారికి ఎవరు ముందు తగిలితే వాళ్ల పేరే అందరికీ స్థిరపడింది. వేల్స్ ప్రజలకు ఇంగ్లిష్ భాష ‘సాయిస్‌నెగ్’, ఐర్లండ్‌వాళ్లకు ఇంగ్లండ్ ‘ససనా’. ఖండంలోనూ ఇదే తీరు: ఫిన్లండ్‌లో ‘సక్సా’ అంటే జర్మనీ. జర్మన్ జమీందార్ల కింద శతాబ్దాలు నలిగిన ఎస్తోనియాలో ‘సక్స్’ అంటే దొర అనే అర్థం స్థిరపడింది. సెర్బియా, బోస్నియాలలో ‘సాసీ’ అంటే గని తవ్వేవాళ్లు, ఎందుకంటే మధ్యయుగాల్లో అక్కడ వెండి గనులు తవ్వడానికి వచ్చిన జర్మన్లను అలా పిలిచారు. మనకు ‘ఆంగ్లం’ వచ్చింది రెండో జట్టు పేరు మీద.

ఒక విచిత్రం. 9వ శతాబ్దపు వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ పుణ్యమా అని పాత ఇంగ్లిష్ రాతల్లో సింహభాగం పశ్చిమ సాక్సన్ మాండలికంలోనే మిగిలింది. కానీ నేటి ప్రామాణిక ఇంగ్లిష్ దాని సంతానం కాదు. ఆంగ్లులు స్థిరపడ్డ మధ్య ఇంగ్లండ్ మాటే లండన్ చేరి గెలిచింది.

వాసర్ కాదు, వాటర్

ఖండంలో మిగిలిన సాక్సన్ల భాషకు వారసురాలు ఇవాళ్టి లో జర్మన్. మాట్లాడేవాళ్లు ‘ప్లాట్’ అంటారు. దక్షిణాదిలో సుమారు 1,500 ఏళ్ల కిందట హల్లుల్లో పెద్ద మార్పు వచ్చింది. ప, ట, క ధ్వనులు కొన్ని చోట్ల ఫ, స, హ లాంటి ఊపిరి ధ్వనులైపోయాయి. ఆ మార్పు ఉత్తరానికి రాలేదు. అందుకే నీటిని ప్రామాణిక జర్మన్‌లో ‘వాసర్’ అంటే ప్లాట్‌లో ‘వాటర్’ అంటారు. యాపిల్ అక్కడ ‘ఆప్‌ఫెల్’, ఇక్కడ ‘ఆపెల్’. చేయడం అక్కడ ‘మాఖెన్’, ఇక్కడ ‘మాకెన్’. భాషా శాస్త్రజ్ఞులు ఈ చివరి మాటనే పట్టుకుని పటం మీద గీత గీశారు. రైన్ ఒడ్డున బెన్రాత్ దగ్గర నదిని దాటుతుంది కాబట్టి దానికి బెన్రాత్ గీత అని పేరు.

ఇది పల్లెటూరి యాస అని చప్పరించేయడానికి లేదు. 14, 15 శతాబ్దాల్లో ల్యూబెక్ కేంద్రంగా హాన్సా వర్తక సంఘం బాల్టిక్ సముద్రాన్ని ఏలిన రోజుల్లో బెర్గెన్ నుంచి టాలిన్ దాకా బేరసారాలు నడిచింది ఈ భాషలోనే. స్వీడిష్, డేనిష్ భాషల్లో డబ్బు చెల్లించడానికీ, దర్జీకీ, చెప్పులు కుట్టేవాడికీ వాడే మాటలు దీన్నుంచి వెళ్లినవే. అంతకు ముందే, 1220ల్లో, ఐకె ఫాన్ రెప్‌గో అనే ఆయన సాక్సన్ల ఆచార న్యాయాన్ని ఈ భాషలో గ్రంథస్థం చేశాడు. మొదట లాటిన్‌లో రాసి, ప్రభువు కోరితే జనం మాటలోకి మార్చాడు. పిండి మర దగ్గరికి ముందొచ్చినవాడికే ముందు పట్టివ్వాలన్న నియమం అందులోదే. కొన్ని ప్రాంతాల్లో ఆ గ్రంథం 1900 దాకా చట్టంగా చెల్లింది.

మత సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మన్‌లోకి తెచ్చిన పూర్తి బైబిల్ 1534 శరదృతువులో వచ్చింది. ఆయన సహచరుడు బుగెన్‌హాగెన్ ఆధ్వర్యంలో తయారైన లో జర్మన్ రూపం అదే ఏడాది కొన్ని నెలల ముందే ల్యూబెక్‌లో అచ్చయింది. అయినా పందెం గెలిచింది లూథర్ జర్మనే. హాన్సా చితికింది, చర్చిలో, కోర్టులో, బళ్లో దక్షిణాది రూపం కూర్చుంది. 1621 తర్వాత పూర్తి లో జర్మన్ బైబిల్ మళ్లీ చాలాకాలం అచ్చు కాలేదు. ఇప్పుడు ఐరోపా ప్రాంతీయ భాషల ఒడంబడిక కింద దీనికి గుర్తింపు ఉంది. హాంబర్గ్‌లో 1902లో మొదలైన ఓన్‌జోర్గ్ నాటకశాల ఇప్పటికీ ప్లాట్‌లో నాటకాలు ఆడుతోంది. అన్నట్టు, ‘సాక్సన్’ పేరును ఈ భాషకు ఇంకా అధికారికంగా అంటిపెట్టుకుని ఉంచింది జర్మన్లు కాదు, సరిహద్దు అవతలి డచ్చివాళ్లు. గ్రోనింగెన్, ద్రెంతె, త్వెంతె ప్రాంతాల మాటకు నెదర్లాండ్స్‌లో పేరు ‘దిగువ సాక్సన్’.

పొగగొట్టం లేని ఇల్లు

మాట సంగతి అలా ఉంచి ఇంటి సంగతి చూస్తే, దిగువ సాక్సనీ పల్లెల్లో పాతకాలపు ఇల్లంటే పెద్ద కొట్టాం. బండి నేరుగా లోపలికి పోయేంత పెద్ద తలుపు. లోపల పొడవాటి నడవా, అటూ ఇటూ గొడ్లు, చివర్న పొయ్యి, పొయ్యి వెనక మనుషుల గదులు. పొగగొట్టం ఉండేది కాదు. పొయ్యి పొగ పైకి లేచి దూలాలకు వేలాడదీసిన పంది మాంసాన్ని నిలవ ఉండేలా చేసి, గడ్డిలో పురుగు పట్టకుండా చేసి, తీరిగ్గా బయటికి పోయేది. గడ్డికప్పు కొసన రెండు చెక్క గుర్రం తలలు అడ్డంగా దాటుకుని ఉంటాయి. విడుకింద్ గుర్రమే అంటారు కొందరు.

పోర్తో అడిగితే బోర్డో టికెట్

ఇక ఎల్బా ఎగువన డ్రెస్డెన్, లైప్‌జిగ్ వైపు మాట. జర్మన్లు సాక్సన్ యాస అని నవ్వుకునేది దీన్నే. ఇది మధ్య జర్మన్ మాండలికం, పాత సాక్సన్ల భాషతో నేరుగా చుట్టరికం లేదు. దీని లక్షణం ప, ట, క లను మెత్తగా బ, డ, గ లుగా పలకడం. దాంతో వచ్చిన తంటా ఒకటి స్టుట్‌గార్ట్ కోర్టు దాకా వెళ్లింది. సాక్సనీ యాస ఉన్న ఒకావిడ ట్రావెల్ ఏజెన్సీకి ఫోన్ చేసి పోర్చుగల్‌లోని పోర్తోకు విమానం టికెట్ అడిగింది. అవతలి ఉద్యోగికి ఫ్రాన్స్‌లోని బోర్డో అని వినపడింది. టికెట్ కొట్టే ముందు ఆ ఉద్యోగి ప్రామాణిక జర్మన్‌లో రెండుసార్లు చదివి వినిపించింది, ఈవిడ రెండుసార్లూ ఊఁ అంది. తీరా చూస్తే బోర్డో. డబ్బు కట్టనంది. 2012లో తీర్పు వచ్చింది: 294 యూరోలు కట్టాల్సిందే. వినేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం చెప్పేవాళ్ల బాధ్యతేనని న్యాయస్థానం తేల్చింది. నాకైతే ఆవిడ మీద జాలేసింది. రెండోసారి చదివినప్పుడు కూడా ఆ చెవికి అది పోర్తోలానే వినిపించి ఉంటుంది.

18వ శతాబ్దం నడిమి దాకా ఈ మైసెన్ మాటే జర్మన్ నాగరికతకు కొలబద్ద. తన బైబిల్ భాషకు సాక్సనీ కచేరీ రాతలే ఆధారమని లూథరే చెప్పుకున్నాడు. 1765లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి చదువుకని లైప్‌జిగ్ వచ్చిన కుర్ర కవి గేటెను అక్కడివాళ్లు యాస మార్చుకోమని సతాయించారు, ముసలితనంలో ఆత్మకథలో ఆ కోపం వెళ్లగక్కాడు. సప్తవర్ష సంగ్రామంలో సాక్సనీ ఓడి ప్రష్యా పైకొచ్చాక గాలి తిరిగింది. లైప్‌జిగ్‌లో పుట్టిన తూర్పు జర్మనీ నేత వాల్టర్ ఉల్‌బ్రిక్ట్ 20వ శతాబ్దంలో సన్నటి గొంతుతో ఆ యాసలో ప్రసంగాలు దంచాక, పశ్చిమాన దాని పరువు పూర్తిగా పోయింది.

తెలుగు అచ్చు పుట్టిన ఊరు

సాక్సనీ-అన్‌హాల్ట్‌లో హాలె అని ఒక నగరం ఉంది. సంగీతకారుడు హాండెల్ 1685లో అక్కడే పుట్టాడు. ఇటలీలో అతనికి ‘ప్రియమైన సాక్సన్’ అని ముద్దుపేరు. తెలుగువాళ్లకు ఆ ఊరితో ఇంకా దగ్గరి బంధం ఉంది. మద్రాసులో తెలుగు నేర్చిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1743లో హాలెకు తిరిగెళ్లి, అక్కడ తెలుగు అక్షరాలు పోత పోయించాడు. 1746, 47 ప్రాంతాల్లో మొదటి తెలుగు అచ్చు పుస్తకాలు బయటికొచ్చింది అక్కడి నుంచే. అన్నీ క్రైస్తవ బోధలే. అప్పట్లో ఆ నగరం ప్రష్యా రాజు చేతిలో ఉండేది, ‘సాక్సనీ’ అన్న పేరు దానికి తర్వాత అతికింది.

ఒకే కంచం, ఒకే మంచం, ఒకే చెంచా

సాక్సన్లు కాని సాక్సన్లలో అందరికంటే దూరం రొమేనియాలోని ట్రాన్సిల్వేనియావాళ్లు. 12వ శతాబ్దంలో హంగరీ రాజు రెండో గేజా సరిహద్దు కాపలాకు, సేద్యానికి వీళ్ల పూర్వీకులను పిలిపించుకున్నాడు. చాలామంది వచ్చింది రైన్, మోసెల్ నదుల వైపు నుంచి. వాళ్ల మాట ఇప్పటికీ లక్సెంబర్గ్ భాషకు దగ్గర. హంగరీ కచేరీలో లాటిన్ రాసే గుమాస్తాలు పడమటి నుంచి వచ్చినవాళ్లను ‘సాక్సోనెస్’ అని రాసేశారు, అదే ఖాయమైంది. జర్మనీలోని హామెలిన్ నుంచి వేణువువాడి వెంట మాయమైన 130 మంది పిల్లలు ఇక్కడే తేలారని ఒక కథ. హామెలిన్ ఘటన 1284 నాటిది, వీళ్లు అప్పటికే వందేళ్లకు పైగా ఇక్కడ కాపురం ఉన్నారు. కథ బాగుంది, లెక్క కుదరదు.

టర్కుల దాడులకు భయపడి చర్చీలనే కోటలుగా కట్టుకున్నారు. 150 దాకా ఇంకా నిలిచి ఉన్నాయి. కొన్నింట్లో ఒక బురుజును ఊరందరి పంది మాంసానికి కేటాయించారు. ఒక్కో ఇంటి ముక్క మీద ఆ ఇంటి గుర్తు. వారానికోసారి తలుపు తీస్తే ఎవరిది వాళ్లు కోసుకెళ్లాలి. బియెర్తాన్ కోట చర్చిలో ఇంకో గది చూపిస్తారు. విడాకులడిగిన జంటను రెండు వారాలు అందులో పెట్టి తాళం వేసేవారట. లోపల ఒకే మంచం, ఒకే కంచం, ఒకే చెంచా. మూడు వందల ఏళ్లలో ఒక్క జంటే విడిపోయిందని గైడ్లు గర్వంగా చెబుతారు. మిగతావాళ్లు ప్రేమతో కలిశారా, చలికి దడిసి కలిశారా అన్నది గైడ్లు చెప్పరు.

1945 జనవరిలో వీళ్లలో దాదాపు 30,000 మందిని సోవియట్ బొగ్గు గనులకు తరలించారు. రొమేనియా నియంత చౌషెస్కూ పాలనలో పశ్చిమ జర్మనీ మనిషికింత అని డబ్బు కట్టి వీళ్లను విడిపించుకుంది. 1990 ఒక్క ఏడాదిలోనే లక్ష మందికి పైగా రొమేనియా జర్మన్లు వెళ్లిపోయారు. మిగిలిన కొద్దిమందిలో సిబియు నగరం మేయర్‌గా చేసిన క్లౌస్ యోహానిస్ 2014 నుంచి 2025 దాకా రొమేనియా అధ్యక్షుడిగా ఉన్నాడు.

మెక్సికోలో లో జర్మన్

ప్లాట్ భాష ఉత్తర జర్మనీ గోడల మధ్యే లేదు. విస్తులా నది ముఖద్వారంలో దాన్ని అలవరచుకున్న మెనోనైట్ క్రైస్తవులు యుద్ధానికి వెళ్లం, తుపాకీ పట్టం అన్నందుకు దేశాలు మారుతూ వచ్చారు. 18వ శతాబ్దం చివర్లో రష్యా, 1870ల్లో కెనడా, 1922లో మెక్సికో, తర్వాత పరాగ్వే, బొలీవియా. ఎక్కడికెళ్లినా ఇంట్లో మాట ‘ప్లౌట్‌దిచ్’ అనే లో జర్మన్ మాండలికమే. 2007లో మెక్సికో దర్శకుడు కార్లోస్ రేగాదస్ చివావా రాష్ట్రంలోని వాళ్ల ఊళ్లలో, ఎక్కువగా నటనే తెలియని మెనోనైట్లతో, ఆ భాషలోనే ‘సైలెంట్ లైట్’ తీశాడు. దానికి కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చింది. ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల పోటీకి మెక్సికో తన తరఫున పంపింది కూడా దాన్నే, స్పానిష్ సినిమాను కాదు.